మా స్కాలర్ల చేతికి పైపెట్ ఇవ్వండి: ఉన్నత విద్యా మండళ్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండళ్ల అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారాలు.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ చెబుతాను. పీహెచ్‌డీ స్కాలర్లకు గైడ్‌గా ఉన్నాను. బయోమెడికల్ పరిశోధనలో నైపుణ్యాల పేరిట మన విశ్వవిద్యాలయాల్లో, వైద్య కళాశాలల్లో, ఫార్మసీ కాలేజీల్లో జరుగుతున్న వర్క్‌షాపుల గురించి మీకు రాస్తున్నాను. వాటిని తగ్గించమని అడుగుతున్నాను. తగ్గించి, అలా మిగిలిన డబ్బుతో, మనుషులతో, సమయంతో కొద్దిమందికైనా పని చేతికి వచ్చే శిక్షణ పెట్టమని అడుగుతున్నాను.

ఇప్పుడు జరిగేది మీకు తెలియనిది కాదు. రెండు రోజుల కార్యక్రమం. మొదటి రోజు పొద్దున ప్రారంభ సభ, జ్యోతి ప్రజ్వలన, అతిథులకు శాలువాలు. అవన్నీ అయ్యేసరికి పదకొండు దాటుతుంది. ఆ తర్వాత ఉపన్యాసాలు. రెండో రోజు ‘హ్యాండ్స్ ఆన్’ అని ఉంటుంది. డీఎన్ఏకు నకళ్లు తీసి పెంచే ఒక పీసీఆర్ మెషీన్ చుట్టూ నలభై మంది నిలబడతారు. ముందు వరుసలో ఉన్న ముగ్గురు నలుగురికి టెక్నీషియన్ చేతులు కనిపిస్తాయి. వెనకున్న వాళ్లకు ముందున్న వాళ్ల వీపులు కనిపిస్తాయి. సాయంత్రానికి ఆ డీఎన్ఏ గీతలు కనిపించే జెల్ ఫొటో ప్రొజెక్టర్ మీదికి వస్తుంది, ఆ వెంటనే సర్టిఫికెట్లు. ఆదిలాబాద్ నుంచో అనంతపురం నుంచో రాత్రి బస్సులో వచ్చిన అమ్మాయి మళ్లీ రాత్రి బస్సే ఎక్కుతుంది. ఆ రెండు రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా ద్రవాన్ని కొలిచి తీసే పైపెట్ పట్టుకోలేదు.

వీటిని నిర్వహించే మా తోటి అధ్యాపకులను నేను తప్పుపట్టను. గ్రాంటు ఆలస్యంగా విడుదలవుతుంది, మార్చి నెలాఖరులోగా ఖర్చు చేసి యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి. ఇక విద్యాసంస్థల నాణ్యతను తూచే న్యాక్ మదింపులో రీసెర్చ్ మెథడాలజీ మీద, మేధోసంపత్తి హక్కుల మీద ఎన్ని వర్క్‌షాపులు, సెమినార్లు పెట్టారన్నది ఒక కొలమానం. ఎన్ని అని అడిగితే ఎవరైనా సంఖ్యే పెంచుతారు. వచ్చినవాళ్లలో ఎంతమంది తిరిగి వెళ్లి తమ ల్యాబులో ఆ పని సొంతంగా చేయగలిగారని అడిగే గడి ఆ ఫారాల్లో నాకెక్కడా కనిపించలేదు. ఈ గడిని చేర్చగలిగిన స్థానంలో మీరున్నారు. అందుకే ఈ లేఖ మీకు.

పొట్టి వర్క్‌షాపులతో ఏం సాధించగలమో ఎవరూ కొలవలేదని అనుకోవద్దు. 2017లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రిక పీఎన్ఏఎస్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 53 సంస్థల్లో లైఫ్ సైన్సెస్ పీహెచ్‌డీలో చేరిన 294 మందిని పరిశీలించారు. కోర్సు మొదట్లో బూట్‌క్యాంపుల్లాంటి పొట్టి శిక్షణలకు వెళ్లినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ మధ్య పరిశోధన నైపుణ్యాల్లో గానీ, ప్రచురణల్లో గానీ, పరిశోధకులుగా కుదురుకోవడంలో గానీ కొలవదగ్గ తేడా కనిపించలేదు. మంచి ల్యాబులు, నెలనెలా జీతం, పక్కనే సీనియర్లు ఉన్న చోట పరిస్థితి ఇది. అవేవీ సరిగ్గా లేని మన స్కాలర్‌కు రెండు రోజుల ఉపన్యాసాలతో ఏం ఒరుగుతుంది?

బయోమెడికల్ పనిలో ఎక్కువ భాగం చేతిలో ఉంటుంది. పుస్తకంలో ‘100 మైక్రోలీటర్లు కలపండి’ అని ఒక్క ముక్కలో ఉంటుంది. ఆ ముక్క వెనక ఎంత పని ఉందో చూడాలంటే స్కాలర్‌ను త్రాసు ముందు నిలబెట్టాలి. 100 మైక్రోలీటర్ల నీళ్లు గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 100 మిల్లీగ్రాములు తూగుతాయి. అనలిటికల్ బ్యాలెన్స్ మీద చిన్న గిన్నె పెట్టి, పదిసార్లు తీసి పోసి, ప్రతిసారీ బరువు రాసుకోమనండి. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసైన పిల్లలు కూడా మొదటిసారి తమ అంకెలు చూసుకుని నిర్ఘాంతపోతారు. ఒకసారి 93, ఇంకోసారి 104. అప్పుడు పక్కన నిలబడి చూస్తే కారణాలు ఒక్కొక్కటే బయటపడతాయి. పైపెట్ చివర తొడిగే టిప్‌ను నీళ్లలోకి మరీ లోతుగా ముంచుతున్నారు, దాంతో టిప్ బయట కూడా చుక్క అంటుకుంటోంది. బొటనవేలిని ఒక్కసారిగా వదిలేస్తున్నారు, గాలి బుడగ లోపలికి పోతోంది. పైపెట్ మీట నొక్కితే రెండు చోట్ల ఆగుతుంది, మొదటి ఆగు దగ్గర ఆపాల్సింది రెండో ఆగు దాకా నొక్కి పీలుస్తున్నారు. కొత్త టిప్‌ను ఒకటి రెండుసార్లు ద్రవంతో తడపడం లేదు. సీరం, గ్లిసరాల్ లాంటి చిక్కటి వాటికి పద్ధతి తిరగేసి చేయాలని, రెండో ఆగు దాకా నొక్కి పీల్చి మొదటి ఆగు దాకా మాత్రమే వదలాలని వాళ్లకు ఎవరూ చూపించలేదు. ఒక మధ్యాహ్నం దిద్దితే ఆ అంకెలు 99కీ 101కీ మధ్య సర్దుకుంటాయి. ఆ రోజు వాళ్ల ముఖాలు మీరొచ్చి చూడాలి.

ఇది చిన్న విషయం కాదు. రియల్ టైమ్ పీసీఆర్‌లో సైకిల్ సైకిల్‌కూ డీఎన్ఏ దాదాపు రెట్టింపవుతుంది, కాబట్టి ఒక్క సైకిల్ తేడా అంటే మొదట ఉన్న డీఎన్ఏలో రెట్టింపు తేడా. ఒకే శాంపిల్‌ను పోసిన రెండు బావుల (ప్లేటులోని చిన్న గుంటల) మధ్యే సైకిల్ తేడా వస్తుంటే, జబ్బు వల్ల జన్యువు పని తీరు మారిందో, చెయ్యి మారిందో ఎలా చెబుతాం? అలాంటి ఫలితాల మీద థీసిస్‌లు కడుతున్నాం. ఐదేళ్ల తర్వాత వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒక ప్రశ్న వేస్తే ఆ పిల్లవాడు తల దించుకుంటాడు. చూస్తూ కూర్చున్న నాకు కడుపు తరుక్కుపోతుంది.

పైగా చెయ్యి కుదరడానికి కోట్ల పరికరాలు అక్కర్లేదు. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ అంచనా పద్ధతి మన డిగ్రీ కాలేజీ ల్యాబుల్లోనూ ఉంది. అమోనియం మాలిబ్డేట్, నీలి రంగు తెప్పించే రీఏజెంట్, ఆ రంగు గాఢతను కొలిచే ఒక కలరీమీటర్ చాలు. ఆ నీలి రంగును అడ్డం పెట్టుకుని మూడు రోజులు పాఠం చెప్పొచ్చు. ఫాస్ఫరస్ లేని బ్లాంక్ ఎందుకు పెట్టాలి, తెలిసిన మోతాదులతో గీసిన స్టాండర్డ్ గీత ఎక్కడి వరకు తిన్నగా నడుస్తుంది, ఆ గీతను దాటిపోయిన శాంపిల్‌ను పలుచన చేయకుండా లెక్క కట్టేస్తే ఏమవుతుంది, మూడు పరీక్షనాళికల్లో ఒకటి తేడా కొడితే దాన్ని తీసేయవచ్చా, తీసేస్తే నోట్‌బుక్‌లో ఏం రాయాలి. చివరి ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ ఎక్కువసేపు ఆగుతాను. పరిశోధనలో నిజాయితీ అనేది విడిగా ఒక ఉపన్యాసంగా చెబితే తలకెక్కదు. తన చేతిలో ఉన్న తేడా కొట్టిన నాళిక ముందు నిలబడినప్పుడు ఎక్కుతుంది.

ఇక స్టాటిస్టిక్స్. మన దగ్గర ఇది థీసిస్ రాసే చివరి నెలల్లో గుర్తొస్తుంది. ఒక ఉదాహరణ చెబుతాను. మందు ఇచ్చిన 6 ఎలుకలు, ఇవ్వని 6 ఎలుకలు. ఒక్కో ఎలుక రక్తాన్ని మూడేసి సార్లు కొలిచారు. పేపర్లో మాత్రం ఒక్కో గుంపులో 18 అని రాశారు. ఎలుకలు ఆరే కదా! ఒకే ఎలుకను మూడుసార్లు కొలిస్తే మన కొలత ఎంత నమ్మదగిందో తెలుస్తుంది, కొత్త ఎలుకలు పుట్టవు. అయినా 18 అని వేసేసరికి, ఫలితం యాదృచ్ఛికమేమోనన్న అనుమానాన్ని కొలిచే పీ విలువ చక్కగా పడిపోతుంది, పేపరు అచ్చవుతుంది. ఆ ఆరు ఎలుకలూ ఒకే బోనులో ఉన్నాయనుకోండి, సమస్య ఇంకా ముదురుతుంది. ఇవన్నీ ఎలుకలను కొనకముందు తేలాల్సిన విషయాలు. 1938లో కలకత్తాలో జరిగిన తొలి భారత స్టాటిస్టికల్ కాంగ్రెస్‌లో బ్రిటిష్ స్టాటిస్టీషియన్ రోనాల్డ్ ఫిషర్ ఈ మాటే చెప్పాడు. ప్రయోగం అయిపోయాక స్టాటిస్టీషియన్ దగ్గరికి వెళ్లడమంటే తరచుగా పోస్టుమార్టం చేయించుకోవడమే, ఆ ప్రయోగం దేనివల్ల చచ్చిందో మాత్రం ఆయన చెప్పగలడేమో అన్నాడు. మన దేశంలో, మన వాళ్ల ముందు చెప్పిన మాట అది. జంతువులను ఊరికే చంపకూడదన్న నైతిక బాధ్యత కూడా ఇక్కడే ఉంది. ఏమీ తేల్చలేని ప్రయోగంలో పోయిన ప్రాణం వృథాగా పోయినట్టే. ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టకముందే స్కాలర్ తన శాంపిల్ సైజ్‌ను తానే లెక్క కట్టుకుని, ఎందుకు అంతో సమర్థించుకోగలగాలి.

డేటాను సరిగ్గా దాచుకోవడం కూడా నేర్పాల్సిందే. ఎక్సెల్‌లో సెప్ట్2, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లు కొడితే అది వాటిని తేదీలుగా మార్చేస్తుంది. 2016లో కొందరు లెక్క తీస్తే, ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులు దొరికాయి. చివరికి 2020లో ఆ జన్యువులకే పేర్లు మార్చాల్సి వచ్చింది. మన స్కాలర్లలో చాలామంది డేటా ఇప్పటికీ ఒక్క పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది.

మీ దృష్టికి తేవాల్సిన ఇంకో సంగతి ఉంది. వర్క్‌షాపులో వక్త ‘ఎనీ డౌట్స్?’ అని అడుగుతారు. హాలంతా నిశ్శబ్దం. టీ విరామంలో అదే వక్త చుట్టూ పిల్లలు మూగి తెలుగులో అడుగుతారు, ఎంత లోతైన ప్రశ్నలు అడుగుతారో! ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, కుటుంబంలో మొదటిసారి పీజీ గడప తొక్కినవాళ్లు వీళ్లలో చాలామంది. వాళ్లకు ఇంగ్లిష్‌లో పేపర్ రాయడం రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ స్టాండర్డ్ డీవియేషన్‌కూ స్టాండర్డ్ ఎర్రర్‌కూ తేడా ఏమిటో తెలుగులో కూర్చోబెట్టి చెబితే వచ్చే నష్టమేమిటి? బెంచీ దగ్గర తెలుగులో మాట్లాడే శిక్షకులు కావాలి. అలాంటివాళ్లు మన దగ్గర కావలసినంతమంది ఉన్నారు.

ఎక్కడున్నారంటారా? హైదరాబాద్‌లో తార్నాక నుంచి హబ్సిగూడ వైపు ఒక్కసారి కారులో వెళ్లండి. ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, కాస్త ముందుకెళితే రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, ఆ పైన కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. ఎన్ఐఎన్ 1918లో కూనూర్‌లో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. ల్యాబ్ జంతువుల పెంపకం, సంరక్షణ మీద సిబ్బందికి శిక్షణ ఇచ్చిన అనుభవం దానికి ఉంది. దేశంలో ఇంత కొద్ది దూరంలో ఇన్ని జీవశాస్త్ర, రసాయనశాస్త్ర సంస్థలున్న రోడ్లు ఎక్కువ లేవు. కానీ కడప, శ్రీకాకుళం, మహబూబ్‌నగర్ నుంచి వచ్చే స్కాలర్‌కు ఆ గేట్ల లోపల నాలుగు వారాలు బెంచీ దొరకడం చాలా కష్టం. గైడ్‌కు తెలిసినవాళ్లుంటే దొరుకుతుంది, లేకపోతే లేదు. కేంద్రం నుంచి కొన్ని దారులు ఉన్నాయి. యాక్సిలరేట్ విజ్ఞాన్ అనే పథకం కింద ‘కార్యశాల’ వర్క్‌షాపులు మొదలుపెట్టారు. పరికరాలు పంచుకోవడానికి 2020లో ఐ-స్టెమ్ పోర్టల్ తెచ్చారు. పరిశోధనకు నిధులిచ్చే జాతీయ సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ వచ్చాక పెద్ద సంస్థ కింద చిన్న సంస్థలను జతచేసే పథకాలూ వచ్చాయి. అయితే వీటి కోసం దరఖాస్తు పెట్టే ఓపిక, అనుభవం ఉన్న విభాగాలకే అవి అందుతున్నాయి. మిగతా విభాగాల తరఫున సంస్థలతో ఒప్పందం కుదుర్చుకునే పని ఒక్కో అధ్యాపకుడు విడిగా చేయలేడు. మండలి ఒక్కసారి కూర్చుంటే అవుతుంది.

డబ్బు మాటకొద్దాం. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వచ్చినవాళ్లకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేకుండా చేరిన స్కాలర్లకు యూజీసీ 8,000 ఇస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఏ ఫెలోషిప్పూ లేని స్కాలర్‌కు అదీ లేదు. పొద్దున జూనియర్ కాలేజీలో పాఠం చెప్పి మధ్యాహ్నం ల్యాబుకు వచ్చేవాళ్లు నాకు తెలుసు. అలాంటివాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ ఫీజు, హాస్టల్ ఛార్జీలు, రానుపోను ఖర్చులు వసూలు చేసి నైపుణ్యం నేర్పుతామంటే న్యాయం కాదు. చంటిబిడ్డ ఉన్న స్కాలర్‌కు బిడ్డతో ఉండే గది ఇవ్వాలి. శిక్షణకు ఎంపికయ్యాక ఇంట్లో బిడ్డను చూసేవాళ్లు లేక మానుకున్న తెలివైన ఆడపిల్లల్ని చూశాను.

ఇప్పుడు నేను అడిగేది చెబుతాను. ఒక్కో జట్టులో ఇరవై మందికి మించకుండా, రెండు రాష్ట్రాల్లో ఏడాదికి కొన్ని జట్లు. మొదట రెండు మూడు వారాలు ఒకే చోట ఉండి పని. పొద్దున బెంచీ, సాయంత్రం ఆ రోజు వచ్చిన అంకెలతోనే స్టాటిస్టిక్స్. తర్వాత ఇంటికి పంపేయకుండా ప్రతి ఒక్కరికీ తన సొంత పీహెచ్‌డీ అంశం మీద ఒక పని అప్పగించాలి, నెలకోసారి శిక్షకుడు ఫోన్లోనో వీడియోలోనో పలకరించాలి. నాలుగైదు నెలల తర్వాత అందరూ మళ్లీ ఒకచోట కలిసి, తాము తెచ్చిన డేటాను బల్ల మీద పెట్టి ఒకరిదొకరు గట్టిగా ప్రశ్నించుకోవాలి. సర్టిఫికెట్ అప్పుడివ్వండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కోర్సు వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. వాటిలో నాలుగు ఈ శిక్షణకు కేటాయించేలా విశ్వవిద్యాలయాలకు సూచిస్తే, ఇది అదనపు భారం కాకుండా చదువులో భాగమైపోతుంది.

మళ్లీ కలవడం అన్నదాన్ని నేను పట్టుపట్టి అడగడానికి కారణం ఉంది. 1945 వేసవిలో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనశాలలో శాస్త్రవేత్త మాక్స్ డెల్‌బ్రూక్ బ్యాక్టీరియోఫేజ్‌ల (బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ల) మీద ఒక కోర్సు మొదలుపెట్టాడు. అది దాదాపు పాతికేళ్లు వేసవి వేసవికీ జరిగింది. జీవశాస్త్రం పెద్దగా తెలియని భౌతిక శాస్త్రవేత్తలు అక్కడికి వచ్చి చేతులతో పని నేర్చుకుని మాలిక్యులర్ బయాలజీకి పునాదులు వేశారు. అది కూడా పొట్టి కోర్సే. అయితే ఎవరెక్కడ పని చేసినా ఒకే ఫేజ్‌లు, ఒకే పరిస్థితులు వాడాలని డెల్‌బ్రూక్ బృందం అంతకుముందే ఒప్పుకుంది. అందువల్ల ఒకరి ఫలితాన్ని ఇంకొకరు సరిచూడగలిగారు, కోర్సు అయిపోయాక కూడా సంబంధం తెగలేదు. మన శిక్షణల్లో లోపించింది ఆ సంబంధమే.

టెక్నీషియన్లను మరచిపోవద్దని వేరుగా మనవి చేస్తున్నాను. ఎన్నో విభాగాల్లో గ్రాంట్లతో కొన్న మంచి పరికరాలు కవరు కప్పి ఉన్నాయి. నడపడం తెలిసిన ఒక్క మనిషి రిటైరయ్యాడు, ఆ స్థానంలో ఎవరూ రాలేదు. ప్రతి జట్టులో ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లకు చోటివ్వండి. స్కాలర్ ఐదేళ్లలో వెళ్లిపోతాడు, టెక్నీషియన్ ఉంటాడు.

వైద్య కళాశాలల సంగతి మీ పరిధిలో పూర్తిగా లేదని తెలుసు. అయినా ఒక మాట. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడమాలజీ సంస్థ ఎన్ఐఈ నడిపే బయోమెడికల్ రీసెర్చ్ ఆన్‌లైన్ కోర్సును పీజీ డాక్టర్లు చేస్తున్నారు. పాఠాలు మంచివి. కానీ ఓపీ, క్యాజువాలిటీ డ్యూటీల మధ్య ఫోన్లో వీడియో చూసి పరీక్ష రాసిన డాక్టర్‌కు తన థీసిస్ ప్రొటోకాల్ ముందు పెట్టుకుని అడగడానికి ఒక మనిషి కావాలి. పక్క విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ విభాగం ఉంటుంది, వారానికి ఒక మధ్యాహ్నం వాళ్లు వైద్య కళాశాలలో కూర్చునేలా చేస్తే చాలు. ఆరోగ్య విశ్వవిద్యాలయాలతో మీరు మాట్లాడితే ఇది రేపే మొదలవుతుంది.

ఇరవై మందికే పెడితే మిగతావాళ్ల గతేమిటని మీరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. రెండు వందల మందిని గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పలేమన్నది నా మొదటి జవాబు. రెండోది, ఆ ఇరవై మందిలో ఐదుగురిని మరుసటి జట్టుకు సహాయ శిక్షకులుగా తీసుకోవచ్చు. కంప్యూటింగ్ నైపుణ్యాలు నేర్పే సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ 1998లో మొదలై ఇలాగే ప్రపంచమంతా పాకింది, నేర్చుకున్నవాళ్లే శిక్షకులయ్యారు. వాళ్ల క్లాసులో ప్రతి ఒక్కరి దగ్గరా రెండు రంగుల అతుకు చీటీలుంటాయి. పని సాగుతుంటే ఒక రంగు, ఎక్కడైనా ఆగిపోతే ఇంకో రంగు ల్యాప్‌టాప్‌కు అంటిస్తారు. చెయ్యెత్తి అడగడానికి బిడియపడే మన పిల్లలకు అది ఎంత హాయిగా ఉంటుందో ఊహించండి. ఖర్చు ఒక చీటీల కట్ట.

శిక్షణ పూర్తయిన ఏడాదికి ప్రతి స్కాలర్‌నూ మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు మండలి వెబ్‌సైట్‌లో పేర్లు లేకుండా పెట్టండి. నేర్చుకున్న పద్ధతిని నీ ల్యాబులో సొంతంగా చేశావా? చేయలేకపోతే ఏం అడ్డమొచ్చింది? నీ తర్వాత ఎవరికైనా నేర్పావా? రెండో ప్రశ్నకు వచ్చే జవాబులు మనందరికీ ఇబ్బందిగా ఉండొచ్చు. కరెంటు, డీప్ ఫ్రీజర్, నెలల తరబడి రాని రీఏజెంట్లు, ఆగిపోయిన బిల్లులు. వాటిని చదవాల్సింది మీరే, చక్కదిద్దగలిగింది కూడా మీరే.

వచ్చే విద్యా సంవత్సరం బడ్జెట్ మీద మీరు కూర్చునేటప్పుడు రెండు రాష్ట్రాల్లో ఒక్కో ప్రయోగాత్మక జట్టుకు అనుమతి ఇవ్వండి. మొదటి వారానికి కావలసిన బెంచీ, త్రాసు, కలరీమీటర్లు మా విభాగంలోనే ఉన్నాయి. పాఠ్య ప్రణాళిక ముసాయిదా రాసి పంపడానికి, సెలవుల్లో వచ్చి నేర్పడానికి నేను, నాలాంటి మరికొందరు అధ్యాపకులం సిద్ధంగా ఉన్నాం. మాకు ఏ పారితోషికం వద్దు. పిల్లల ప్రయాణ ఖర్చులు, భోజనం, వసతి మీరు చూడండి.

ఇట్లు,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ బయోకెమిస్ట్రీ అధ్యాపకురాలు